ఒంటి దీపపు బండి

మోటారుబండికి ఇంజను ప్రాణమైనచో దీపములు కన్నులు. ఇంజనులో చిన్న చప్పుడు వినబడినను మనము మెకానిక్కు షెడ్డుకు పరుగెత్తుదుము. దీపమొకటి ఆరిపోయినప్పుడు మాత్రము “రెండవది వెలుగుచున్నది గదా” అని ఊరకుందుము. ఈ ఉపేక్ష ఎంతటి అపాయమును తెచ్చునో బీచుపల్లికి చేరువలో ఒక రాత్రి మాకు తెలిసివచ్చినది.

గద్వాలలో ఒక పెండ్లి చూచుకొని హైదరాబాదుకు తిరిగి వచ్చుచుంటిమి. గద్వాలనుండి వచ్చు బాట ఎర్రవల్లి చౌరస్తాకడ జాతీయ రహదారిలో కలియును. పూర్వము 7వ నంబరు రహదారియని పిలువబడి, ఇప్పుడు 44వ నంబరుగా వ్యవహరింపబడుచున్నది అదియే. చౌరస్తానుండి ఉత్తరముగా సాగినచో బీచుపల్లి ఆంజనేయస్వామి ఆలయము, దానిని దాటగనే కృష్ణానదిపై వంతెన వచ్చును. చౌరస్తా ఇంకను కొంత దూరముండగా ఎదురుగా ఒక లారీ వచ్చినది. మా బండి కుడి దీపము వెలుగక అప్పటికి రెండు దినములైనది. లారీ మాకొరకు ఇసుమంతయు ప్రక్కకు తొలగలేదు. మేము బాట దిగి మట్టిలోనికి పోయితిమి గనుక బ్రతికితిమి. కుడివైపు అద్దము మాత్రము పగిలి పడిపోయినది.

లారీ డ్రైవరు బండి నిలిపి పరుగున వచ్చెను. మేము కోపముతో నోరు తెరువకముందే అతడు, “సారూ, ఒక్క దీపమే కనబడె. ఫటఫటి అనుకుంటి. ఇంత పెద్ద కారున్నదని నాకెట్ల తెలుస్తది?” అనెను. మాకు మారుమాట తోచలేదు. మన దేశములో బండ్లు ఎడమ ప్రక్కన నడచును. కుడి దీపము ఆరి ఎడమది మాత్రమే వెలుగుచున్నచో, ఎదురు వచ్చువానికి బాట అంచున పోవు మోటారు సైకిలే తోచును. బాట నడుమకు చేరువగా నున్న సగము బండి చీకటిలో దాగియుండును. తప్పు మాదే. మెల్లగా బీచుపల్లి చేరి, తెల్లవారువరకు ఆలయము చెంతనే ఆగి, వెలుగు వచ్చిన పిమ్మట వంతెన దాటితిమి. ఇంటికి వచ్చి ఆ బల్బును మార్చుటకు మాకు పట్టిన కాలము పావుగంట!

ఆ పావుగంట పని ఎట్లు చేయవలెనో చెప్పెదము. మొదట ఫ్యూజు చూడవలెను. అది కాలిపోయినచో బల్బు మార్చియు ఫలము లేదు. బల్బే పోయినదని తేలినచో, బండితో ఇచ్చిన పుస్తకములో దాని రకము చూచి అదే కొనవలెను. మన దేశపు కార్లలో విరివిగా కనబడునది హెచ్-4 రకము. ఇందు ఒకే గాజులో రెండు తీగచుట్ట లుండును: దూరపు వెలుగునకు 60 వాట్లది, దగ్గర వెలుగునకు 55 వాట్లది. కొత్త కార్లలో కొన్నింటికి ఎల్.ఇ.డి. దీపములుండును, వానిలో పెక్కింటికి విడిగా మార్చదగిన బల్బు లేదు గనుక అవి నిపుణుని పనియే.

ఇంజను ఆపి, దీపముల మీట కట్టి, బల్బు చల్లారనిచ్చి బానెట్టు ఎత్తవలెను. దీపము వెనుకనున్న మూడు కాళ్ల ప్లగ్గును నేరుగా వెనుకకు లాగి, రబ్బరు తొడుగు తీసి, స్ప్రింగు తీగను నొక్కి ప్రక్కకు త్రిప్పినచో పాత బల్బు చేతికి వచ్చును. కొత్తదానిని లోహపు అడుగు పట్టుకొనియే ఎత్తవలెను. గాజును వ్రేలితో తాకరాదు. ఇందుకు కారణము కలదు. ఈ హాలోజను బల్బులు ఐరోపా కార్లలో 1962లో ప్రవేశించినవి. తీగనుండి ఆవిరియైన టంగ్‌స్టను గాజునకు అంటి నల్లబారకుండ, లోపలి హాలోజను వాయువు దానిని మరల తీగకు చేర్చును. ఈ పని జరుగుటకు గాజు మిక్కిలి వేడిగా నుండవలెను. వ్రేలి జిడ్డు అంటినచోట గాజు చెడి, బల్బు త్వరగా పోవును. పొరపాటున తాకినచో స్పిరిటులో తడిపిన శుభ్రమైన బట్టతో తుడువవలెను. బల్బు లోపల వాయువు ఒత్తిడితో నుండును గనుక గీతపడనీయరాదు, క్రింద పడవేయరాదు.

బల్బు అడుగున మూడు చెవులుండును. అవి గాళ్లలో సరిగా కూర్చున్న తరువాతనే స్ప్రింగు తగిలించి, తొడుగు బిగించి, ప్లగ్గు పెట్టవలెను. తొడుగు వదులైనచో వానకాలమున లోపలికి తేమ చేరి అద్దము మసకబారును. రెండు బల్బులు ఒకే కాలమున వేసినవైనచో రెండవదియు త్వరలోనే పోవచ్చును. రెంటిని కలిపి మార్చుట మేలు.

ఎక్కువ వెలుగునకై 100 వాట్ల బల్బు పెట్టువారు కలరు. ఇది కూడదు. తీగలు, ప్లగ్గు వేడెక్కి కరగును. అంతకన్న ముఖ్యముగా ఎదుటివాని కన్నులు చీకట్లు క్రమ్మును. కన్ను చెదరిన లారీ మనమీదికే రాదా?

కడపట ఒక పరీక్ష. మాపటివేళ సమతల నేలపై బండిని గోడకు ఎదురుగా 10 మీటర్ల దూరమున నిలిపి, దగ్గర వెలుగు వేయవలెను. గోడపై వెలుగు పైయంచు దీపముల ఎత్తుకన్న సుమారు 10 సెంటీమీటర్లు క్రిందుగా నుండి, ఎడమవైపు కొంత పైకి లేవవలెను. అట్లు లేనిచో మెకానిక్కుచేత సరిచేయించవలెను. మేమిప్పుడు ఊరికి బయలుదేరు ప్రతి సాయంకాలము మా ఇంటి గోడముందు ఒక నిమిషము ఆగి, వెలుగు మచ్చలు రెండును చూచుకొనియే వీధిలోనికి పోవుచున్నాము. మీ ఇంటికిని గోడ యున్నది గదా!