అడగని సలహాకు ఏం బదులు చెప్పాలి?

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్యం మీద నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు అడిగారు. నేను ఫిజియోథెరపిస్టును. ముప్పై ఏళ్లుగా తిరుపతిలో జనాల మోకాళ్లు, నడుములు చూస్తూ బతుకుతున్నాను. రేపు తెల్లవారుజామున మనవాళ్లు నలభై మంది దాకా అలిపిరి నుంచి కొండకు నడిచి పోతున్నారు. వాళ్లలో సగం మంది అరవైకి అటూ ఇటూ ఉన్నవాళ్లే. కాబట్టి మోకాళ్ల గురించే చెబుతాను. అయితే మెట్లదారిలో మోకాళ్లకంటే ముందు చెవులకు పని పడుతుంది. ముందుగా ఆ సంగతి చూద్దాం.

అలిపిరి దారిలో 3,550 మెట్లు. ఆ దారిన పోయినవాళ్లకు తెలుసు, మెట్లకు తగ్గట్టే సలహాలూ ఉంటాయి. పాదాల మండపం దగ్గర ఒకాయన, "నిదానంగా పో నాయనా, ఇప్పుడే ఆయాసపడితే గాలిగోపురం చేరలేవు" అంటాడు. ఇరవై మెట్లు ఎక్కేసరికి ఇంకొకాయన, "యాడా కూర్చోవద్దు, కూర్చుంటే కాళ్లు పట్టేస్తాయి" అంటాడు. ఒకామె అడ్డంగా, పాము నడక మాదిరి ఎక్కమంటుంది. ఒకరు నీళ్లు తాగొద్దంటారు, మరొకరు సీసా చేతికిచ్చి అంతా తాగేయమంటారు. వీళ్లలో ఎవరినీ మనం అడిగి ఉండం. అందరూ మన మేలు కోరే చెబుతారు. అందరి మాటా వింటే మాత్రం మొదటి మెట్టు మీదే నిలబడిపోవాలి.

ఇది మన కొండకే ఉన్న వింత అనుకోవద్దు. అమెరికాలో స్థిరపడిన మన మిత్రుడొకాయన నిన్న భోజనాల దగ్గర చెప్పాడు. అక్కడ మంచు కొండల మీద స్కీయింగ్‌కు పోతే, డబ్బు కట్టి నేర్చుకోకపోయినా సరే, శిక్షకుడెవరైనా పక్కన తగిలితే "ఇంకొంచెం మోకాళ్లు వంచు, బరువు ముందుకు వెయ్యి" అంటాడట. నేర్పడం వృత్తిగా ఉన్నవాడి కన్ను అట్లాంటిది. నాదీ అదే జబ్బు. పెళ్లి పందిట్లో కూర్చున్నా ఎవరు కుంటుతున్నారో, ఎవరి భుజం వంగిందో నాకు కనిపిస్తూనే ఉంటుంది. నోరు కట్టేసుకోవడం కష్టం.

మరి వినేవాళ్లం ఏం చేస్తున్నాం? మామూలుగా రెండే రకాలు. పెద్దవాళ్లు చెప్పారు కదా అని గమ్మున చేసేయడం ఒకటి. "మీ పని మీరు చూసుకోండి" అని మొహం మీద కొట్టినట్టు అనడం రెండోది. రెండింటికీ నష్టం ఉంది.

మొదటి దానికి ఎంత నష్టమో నేను రోజూ చూస్తుంటాను. నా దగ్గరికి వచ్చే ఒకమ్మకు మోకాలి కీలు అరిగింది. వంద మెట్లకొకసారి కూర్చోమని చెప్పి పంపాను. దారిలో ఎవరో, "కూర్చుంటే మళ్లీ లేవలేవమ్మా, ఒకే ఊపున పో" అన్నారు. మాట తీసేయడానికి మొహమాటపడి ఆమె కూర్చోలేదు. అదే మొహమాటంతో తిరిగి నడిచే దిగింది. మూడు వారాలు మోకాలు పొంగి మంచం మీదుంది. ఇంకొకాయనకు సగం దారిలో రొమ్ము పట్టేసి చెమటలు పోశాయి. "గ్యాస్ అయ్యుంటుంది, వాము నమిలి ఎక్కెయ్ సామీ" అన్నారు పక్కవాళ్లు. ఆయన లేవబోయాడు కూడా. భార్య చెయ్యి పట్టుకుని, "మీ మాట మంచిదే గానీ ఈయన ఒక్క మెట్టు కూడా ఎక్కడు" అని కూర్చోబెట్టి సాయానికి కేకలేసింది. అది గుండెపోటు. ఆయన ఈ రోజు బతికి ఉన్నాడంటే ఆ తల్లి చెప్పిన ఆ ఒక్క మాట వల్లే.

ఆమె మాట మళ్లీ వినండి. "మీ మాట మంచిదే" అన్నది మనిషికి బదులు. "ఈయన ఎక్కడు" అన్నది సలహాకు బదులు. నేను చెప్పదలుచుకున్నదంతా ఇంతే. అడగని సలహాకు రెండు బదులులు ఉండాలి. చెప్పిన మనిషికి మర్యాద వెంటనే ఇచ్చేయాలి. చెప్పిన మాటకు ఒప్పుకోలు మాత్రం పరీక్షించాకే ఇవ్వాలి. ఈ రెండూ కలిపేసుకోవడం వల్లే గమ్మున లొంగిపోవడమో, కసురుకోవడమో జరుగుతోంది.

పరీక్ష అంటే పెద్ద పనేం కాదు. మూడు ప్రశ్నలు.

మొదటిది: ఈ సలహా నాకున్న ఏ ఇబ్బందికి? నాకు ఆయాసం లేదు, నొప్పి లేదు, నా తీరులో నేను బాగానే పోతున్నాను. అప్పుడు నా నడక చూసేవాళ్లకు అందంగా లేకపోయినా మార్చాల్సిన పని లేదు.

రెండోది: ఈయన చూసింది నా కాళ్లనా, తన కాళ్లనా? వారానికొకసారి కొండెక్కే పాతికేళ్ల పిల్లోడు ఆగకుండా పోతాడు. అది అతని ఒంటికి సరిపోయిన మాట. మెట్లెక్కేటప్పుడు మోకాలి మీద మన బరువుకు మూడు రెట్ల పైనే భారం పడుతుంది. డెబ్బై కిలోల మనిషికి అది రెండు వందల కిలోలు దాటుతుంది. దిగేటప్పుడు ఇంకా ఎక్కువ. కీలు అరిగినవాళ్లకు, అరగనివాళ్లకు ఒకే సలహా ఎట్లా కుదురుతుంది?

మూడోది: కొంచెం చేసి చూసి, వద్దనుకుంటే మానుకోవచ్చా? పాదం మొత్తం మెట్టు మీద ఆనించి ఎక్కమన్నారనుకోండి. ఇరవై మెట్లు అట్లా ఎక్కి చూడండి. పిక్కలకు హాయిగా ఉంటే ఉంచుకోండి, లేకుంటే వదిలేయండి. పోయేదేమీ లేదు. "కొండెక్కే రోజు బీపీ మాత్ర మానెయ్, షుగరు మాత్ర మానెయ్" అన్నారనుకోండి. అది ఇరవై మెట్లలో తేలేది కాదు. అట్లాంటివి దారిలో తీసుకోవాల్సిన సలహాలే కావు. బయలుదేరే ముందు మీ డాక్టరును అడగాల్సినవి.

ఇక నోటితో ఏమనాలి? పెద్దవాళ్లయితే, "మంచి మాట చెప్పారయ్యా. నా మోకాలికి డాక్టరు ఇంకో పద్ధతి చెప్పారు, దాని ప్రకారం పోతున్నా" అనండి. తోటివాళ్లయితే, "చూస్తాలే అన్నా, ముందు గాలిగోపురం చేరనీ" అని నవ్వండి. నిజంగా నేర్పే విద్య ఉన్న మనిషి అనిపిస్తే ఒక ప్రశ్న అడగండి: "నా నడకలో మీకేం కనిపించింది సార్?" విషయం తెలిసినవాళ్లు ఆగి, చూసింది చెబుతారు. తెలియనివాళ్లు చెప్పిందే మళ్లీ గట్టిగా చెబుతారు. ఎవరి మాట పట్టుకోవాలో అక్కడే తెలిసిపోతుంది.

ఒక మినహాయింపు ఉంది. ప్రమాదం గురించి చెప్పే మాట సలహా కిందికి రాదు, అది హెచ్చరిక. "మెట్టు తడిగా ఉంది, ఆగు" అంటే ముందు ఆగాలి, ప్రశ్నలు తర్వాత. 2023లో నడకదారిలో చిరుతల భయం వచ్చినప్పుడు గుంపులుగా పొమ్మన్నారు, చేతికి కర్రలిచ్చారు. అక్కడ "నా తీరు నాది" అంటే కుదరదు. గుండెజబ్బు, ఉబ్బసం, కీళ్లనొప్పులు ఉన్నవాళ్లు, వయసు మళ్లినవాళ్లు నడకదారిన రాకపోవడం మంచిదని దేవస్థానం వాళ్లు చెబుతున్నదీ ఇట్లాంటిదే. రేపు రావాలనుకునేవాళ్లు దయచేసి ఆలోచించండి. బస్సులో వచ్చినవాళ్లకు స్వామి తక్కువ కనిపించడు.

ఇప్పుడు మన అయ్యవార్లతో ఒక మాట. సలహా వినేవాళ్ల గురించి ఇంతసేపు చెప్పాను. చెప్పేవాళ్లం కూడా మనమే కదా. 1968లో మెక్సికో ఒలింపిక్స్‌లో డిక్ ఫాస్‌బరీ అనే కుర్రాడు కమ్మీకి వీపు చూపించి, వెనక్కి వాలి 2.24 మీటర్లు దూకి బంగారు పతకం తీసుకున్నాడు. అంతకుముందు శిక్షకులు అతన్ని పాత పద్ధతికి మార్చాలని చూసినవాళ్లే. తర్వాత లోకమంతా అతని పద్ధతే నేర్చుకుంది. ఈ కథను శిక్షకులను తప్పుపట్టడానికి చెబుతుంటారు. నేనట్లా చెప్పను. ఫాస్‌బరీ పడింది ఎత్తైన మెత్తటి పరుపు మీద. మా రోజుల్లో ఈ బడిలో ఉన్నది ఇసుక గుంత. అందులో ఎవరైనా అట్లా వెల్లకిలా దూకి ఉంటే మెడ విరిగేది. మా డ్రిల్లు సారు కత్తెర దూకుడే దూకమన్నారంటే, ఆ గుంతకు అదే సరైన మాట. సలహా మంచిచెడ్డలు మనిషిని బట్టే కాదు, కింద ఉన్న నేలను బట్టి కూడా ఉంటాయి.

మరి చెప్పేవాళ్లు ఎట్లా చెప్పాలి? దానికి మన మెట్లదారిలోనే ఒక కథ ఉంది. మీ అందరికీ తెలిసిందే. చిన్నవాడైన అన్నమయ్య మొదటిసారి కొండెక్కుతూ, ఆకలితో సొమ్మసిల్లి మోకాళ్ల పర్వతం దగ్గర పడుకున్నాడు. కాళ్లకు చెప్పులున్నాయి. అలమేలుమంగమ్మ పెద్ద ముత్తైదువ రూపంలో వచ్చిందని, చెప్పులు విడిచి ఎక్కమని చెప్పిందని కథ. ఆయన అడగని సలహానే అది. ఆమె దూరం నుంచి అరిచి చెప్పలేదు. దగ్గరికొచ్చి ఓదార్చింది, ప్రసాదం పెట్టి ఆకలి తీర్చింది. ఆ పిల్లవాడి కష్టం చూసిన తర్వాత వచ్చిన మాట కాబట్టే అది ఆయన కాళ్లను కదిలించింది. మన సలహా ఎవరి మనసుకైనా పట్టాలంటే వరుస అదే. ముందు మనిషిని చూడాలి, "నేనొక మాట చెప్పొచ్చా?" అని అడగాలి, ఆ తర్వాతే చెప్పాలి. వద్దంటే నొచ్చుకోకూడదు.

మీరు నన్ను పిలిచి అడిగారు కాబట్టి చివరగా నా వృత్తి సలహా ఒకటి చెబుతాను. ఒక మోకాలు నొప్పిగా ఉన్నవాళ్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు పెట్టండి, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు పెట్టండి. కర్ర నొప్పి లేని వైపు చేతిలో పట్టుకోండి. ఒక వాక్యం ఆయాసం లేకుండా పూర్తిగా చెప్పలేకపోతే ఆగండి. కొద్దికొద్దిగా నీళ్లు తాగుతూ ఉండండి. దిగడం బస్సులోనే పెట్టుకోండి. రొమ్ములో బిగువు, చెమటలు, దవడకో ఎడమ చేతికో పాకే నొప్పి కనిపిస్తే అక్కడే కూర్చుని సాయం కోసం పిలవండి. ఎవరేం చెప్పినా లేవొద్దు.

నా మాటలను కూడా ఆ మూడు ప్రశ్నలతో పరీక్షించండి. చివరిదాన్ని మాత్రం వదిలేయండి, అది హెచ్చరిక.