హాబిట్: పాతదా, దిద్దినదా?

తోట్లవల్లూరు నుంచి బెజవాడ పుస్తక మహోత్సవానికి వెళ్లే పాఠకులకు ఒక మాట. ఒకే పుస్తకానికి రెండు రూపాలుంటే ఏది చదవాలి? మన కన్యాశుల్కం 1897లో అచ్చయింది. 1909లో గురజాడ దాన్ని బాగా పెంచి తిరగరాశారు. నేడు మనం చదివేదీ, ఆడేదీ ఆ రెండోదే.

టోల్కీన్ మాయాలోక నవల 'హాబిట్'కూ ఇలాంటి చరిత్రే ఉంది. 1937 ప్రతిలో గొల్లుమ్ అనే గుహవాసి, కథానాయకుడు బిల్బోతో పొడుపుకథల పోటీకి తన ఉంగరాన్నే పందెం కాస్తాడు. ఓడిపోయాక అది కనిపించక క్షమాపణ చెప్పుకుని, బిల్బోకు బయటి దారి చూపిస్తాడు. ఎంత మర్యాదస్తుడో! ఆ తర్వాత 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్' అనే పెద్ద నవల రాస్తుంటే ఆ ఉంగరం కాస్తా మనసును పట్టి పీడించే దుష్టశక్తి అయి కూర్చుంది. అలాంటిదాన్ని ఎవరైనా పందెం కాస్తారా? అందుకే 1951 ముద్రణలో ఆ అధ్యాయం మార్చారు. కొత్త గొల్లుమ్ పగతో రగిలిపోతాడు. మరి పాత కథో? అది బిల్బో చెప్పిన అబద్ధమని పెద్ద నవల ప్రస్తావనలో సర్దేశారు. గడుసుతనమంటే అదీ!

మొదటిసారి చదివేవారు దిద్దిన ప్రతినే తీసుకోండి. బజారులో మామూలుగా దొరికేదీ అదే. రచయిత చేయి ఎలా తిరిగిందో చూడాలనుకుంటే పాతది తర్వాత వెతకండి. ఏ పుస్తకమైనా సరే, కొనేముందు ముద్రణ వివరాల పేజీ ఒక్కసారి తిరగేయండి.