తొందరగా దాచుకోండి, నిదానంగా అంటించండి



మాది మొఘల్‌పురా. చార్మినార్ నుంచి నడిచొచ్చేంత దూరం. నాకు స్క్రాప్‌బుక్ పిచ్చి ఉంది. ఫొటోలు, బస్ టికెట్లు, పెళ్లికార్డు ముక్కలు ఒక పుస్తకంలో అంటించి, పక్కన నాలుగు మాటలు రాసుకుంటాం కదా, అదే.

ఈ రోజు నేను చేసిన రెండు పేజీల గురించి చెప్తాను. ఒకటి ఇరవై నిమిషాల్లో చేసేశాను. ఇంకోదాని గురించి ఆరు నెలలు ఆలోచించాను. రెండూ చెడిపోయాయి.

మొదటిది 2020 లాక్‌డౌన్‌లో. ఫోన్‌లో టైమర్ పెట్టుకుని, అది మోగేలోపు పేజీ పూర్తి చెయ్యాలని నాకు నేనే పందెం వేసుకునేదాన్ని. మా నాయినమ్మ ట్రంకుపెట్టెలో ఒక బ్లాక్ అండ్ వైట్ ఫొటో దొరికింది. మా తాత సైకిల్ పట్టుకుని నిలబడ్డాడు. వెనక చార్మినార్. తెల్ల జిగురు వెనకంతా పూసి అంటించేశాను. చుట్టూ గోటా లేసు, పైన పేరు. పద్దెనిమిది నిమిషాలు! ఫొటో తీసి స్టేటస్ పెట్టుకున్నాను. అందరూ సూపర్ అన్నారు.

సాయంత్రం నాయినమ్మకు చూపించాను. చాలాసేపు చూసింది. తర్వాత అడిగింది: "బిడ్డా, ఎనక మీ తాత రాసింది సదివినవా?"

నేను వెనక చూడనే లేదు.

తియ్యడానికి ప్రయత్నించాను. కాగితం పొరలు పొరలుగా ఊడొచ్చింది. సిరా తడికి పాకిపోయింది. రెండు మూడు గీతలు తప్ప ఏమీ మిగల్లేదు. తాత నిజాం కాలంలో ఉర్దూ మీడియంలో చదువుకున్నాడు, రాసింది ఉర్దూలో. నాయినమ్మకు ఉర్దూ మాట్లాడటం వచ్చు గానీ చదవడం రాదు. అప్పట్లో తాతే ఒకసారి చదివి వినిపించాడట. "ఆ దినం జీతం అచ్చిందని రాసిండు. ఇంకేందో గూడ రాసిండు. యాదికి వస్తలేదు" అంది. నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ దెబ్బతో నేను పూర్తిగా ఇంకో వైపుకు వెళ్లిపోయాను. ఏ పేజీ మొదలుపెట్టినా భయం. ముందు ప్లాన్ గీయాలి, రంగులు కుదరాలి, మంచి కాగితం కొనాలి అని.

అలీజా కోట్ల నుంచి హరిబౌలి వైపు వెళ్లే రోడ్డు మీద ఒక సైకిల్ రిపేర్ దుకాణం ఉండేది. తాత సైకిల్ బాగుచేయించుకున్నది అక్కడే. దాని బోర్డు చేత్తో రాసింది. తెలుగు, ఉర్దూ, ఇంగ్లిష్ మూడూ ఉండేవి. తాత పేజీ పక్కన ఆ బోర్డుతో ఒక పేజీ చెయ్యాలనుకున్నాను. 2024 దసరాకు అనుకున్నాను. ఉదయం ఎండలో తీస్తే బాగుంటుంది, షట్టర్ మూసున్నప్పుడు తీస్తే ఇంకా బాగుంటుంది అనుకుంటూ వాయిదా వేశాను. రోజూ ఆ దారినే కాలేజీకి వెళ్లేదాన్ని. చేతిలో ఫోన్ ఉండేది.

ఎంజీబీఎస్ నుంచి చాంద్రాయణగుట్ట దాకా పాతబస్తీ మెట్రో వస్తోంది కదా, సుమారు ఏడున్నర కిలోమీటర్లు. రోడ్డు వెడల్పు చేయడానికి 2025 జనవరిలో కట్టడాలు కూల్చడం మొదలుపెట్టారు. మా దుకాణం వంతు కూడా వచ్చింది. పరీక్షలు అయిపోయి అటు వెళ్లేసరికి ముందు గోడ లేదు. బోర్డు ఎటు పోయిందో చాచాకే తెలియదు.

సరే. ఒకసారి తొందరపడి పోగొట్టుకున్నాను, ఒకసారి ఆలస్యం చేసి పోగొట్టుకున్నాను. మరి వేగం మంచిదా, ఆలోచన మంచిదా? ప్రశ్నే తప్పని నాకు అప్పుడు తెలిసింది. ఒకే పేజీలో రెండు రకాల పనులు ఉంటాయి. రేపు దొరకనిది ఉంటే ఇవాళే చెయ్యాలి. చేశాక వెనక్కి తీసుకోలేనిది ఉంటే రేపటిదాకా ఆగాలి. నేను సరిగ్గా తలకిందులు చేశాను.

మా గల్లీ పేరులోనే మొఘల్ ఉంది కదా, మొఘల్ బాద్‌షాల దగ్గర కూడా స్క్రాప్‌బుక్‌లు ఉండేవి! వాటిని మురఖ్ఖా అంటారు. ఆ మాటకు అతుకులు వేసింది అని అర్థం. సూఫీల అతుకుల అంగీకి కూడా ఇదే పేరు. జహంగీర్ చేయించిన గుల్షన్ మురఖ్ఖాలో ఎక్కువ భాగం ఇప్పుడు టెహ్రాన్‌లో గోలెస్తాన్ ప్యాలెస్‌లో ఉంది. అందులో పర్షియన్ చేతిరాతలు, ఆస్థాన చిత్రకారుల బొమ్మలు, యూరప్ నుంచి వచ్చిన అచ్చు బొమ్మలు కూడా అతికించారు. ముక్కలు ఎక్కడెక్కడి నుంచో వచ్చాయి. కానీ వాటి చుట్టూ బంగారు రంగుతో గీసిన అంచులు చూస్తే తెలుస్తుంది, అక్కడ ఎవరూ టైమర్ పెట్టుకోలేదని.

వేగం కావాలన్నవాళ్లు కూడా ఉన్నారు. అమెరికా రచయిత మార్క్ ట్వేన్ 1873లో ఒక స్క్రాప్‌బుక్‌కు పేటెంట్ తీసుకున్నాడు. పేజీల మీద జిగురు ముందే పూసి ఉంటుంది. తడిపి అంటించెయ్యడమే. పేపర్ కటింగ్ లాంటి వాటికి మంచి ఐడియా. తాత ఫొటోకు మాత్రం కాదు.

ఇప్పుడు నేను ఎలా చేస్తానో చెప్తాను.

తొందర పని ముందు. ఏదైనా చేతికి రాగానే ఫోన్‌తో ముందు, వెనక రెండు వైపులా ఫొటో తీస్తాను. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అన్నది అదే రోజు రాసేస్తాను. పెద్దవాళ్లు ఏదైనా చెప్తుంటే వాయిస్ రికార్డ్ చేస్తాను. అయిదు నిమిషాల పని. బస్ టికెట్లు, ఏటీఎం స్లిప్పులు థర్మల్ కాగితం. వేడికి నల్లబడతాయి, వెలుతురుకు వెలిసిపోతాయి. వాటిని వెంటనే జిరాక్స్ తీయించి, ఆ కాపీ దాచుకోండి. న్యూస్‌పేపర్ ముక్కలూ అంతే. ఆ కాగితంలో లిగ్నిన్ అనే పదార్థం ఉంటుంది, అందుకే పచ్చబడి పెళుసెక్కుతుంది.

తర్వాత నిదానం పని. అన్నీ పేజీ మీద జిగురు లేకుండా పరుస్తాను. ఒక రాత్రి అలాగే వదిలేస్తాను. పొద్దున చూస్తే సగం వస్తువులు అక్కర్లేదని అర్థమైపోతుంది. అసలు ఫొటోలకు జిగురు అస్సలు వాడను. నాలుగు మూలలకు కాగితం కార్నర్లు పెట్టి అందులో దూర్చుతాను. ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసి వెనక చూసుకోవచ్చు. సెల్లో టేపు వద్దు, కొన్నేళ్లకు పసుపు మరక వదులుతుంది.

ఇక అలంకారం. లేసు ఏ రంగు, స్టిక్కర్ ఎక్కడ అని గంటలు పోగొట్టకండి. బాగా లేకపోతే లాడ్ బజార్ వెళ్తే ఇంకో లేసు ముక్క దొరుకుతుంది. తాత చేతిరాత దొరకదు.

సైకిల్ దుకాణం పేజీ చివరికి చేశాను. బోర్డు ఫొటో లేదు. చాచా ఇంటికి వెళ్లి అడిగితే, ఒక నోట్‌బుక్ కాగితం మీద పెన్సిల్‌తో బోర్డు గీసి ఇచ్చాడు. "ఉర్దూ పైన ఉండేది" అంటాడు ఆయన. "లేదు చాచా, తెలుగే పైన" అంటాను నేను. ఇప్పటికీ తేలలేదు. ఆ కాగితం కార్నర్లలో ఉంది. కింద రెండు మాటలూ రాశాను.

తాత పేజీ అలాగే ఉంది, చిరిగిన అంచుతో. దాని పక్కన నాయినమ్మ చెప్పింది రాసి పెట్టాను: ఆ రోజు జీతం వచ్చింది. కింద రెండు లైన్లు ఖాళీగా వదిలాను. ఆమెకు యాదికి వస్తుందేమో.

ఈ రాత్రి ఇంటికి వెళ్లాక ఒక పని చెయ్యండి. మీ ఇంట్లో పాత ఫొటో ఒకటి తీసి, వెనక్కి తిప్పండి. ఏముందో చూడండి. ఫోన్‌తో ఒక ఫొటో తీయండి. పక్కన కూర్చుని ఎవరినైనా అడగండి. పుస్తకం, జిగురు, లేసు తర్వాత చూసుకుందాం.