నల్లా బిల్లు ముచ్చట – మహాసభలో సమాఖ్య తరఫున చెప్పిన మాటలు



పొదుపు, లింకేజీ, రికవరీ లెక్కలు ఇంతకుముందే చదివి వినిపించాం. ఈ ఏడు మన సమావేశాల్లో అప్పుల కన్నా ఎక్కువ నడిచిన ముచ్చట నల్లా బిల్లు.

మన హైదరాబాద్‌లో 2021 జనవరి నుంచి ఇంటికి నెలకు 20 వేల లీటర్లు ఉచితం. బస్తీల బయట ఉన్న ఇళ్లకైతే మీటరు ఉండాలి, అది తిరుగుతూ ఉండాలి. 20 వేలు దాటితే దాటినదానికి బిల్లు. 20 వేలంటే రోజుకు 20 లీటర్ల బకెట్లు 33. ఐదుగురున్న ఇంటికి స్నానం, బట్టలు, గిన్నెలు, బాత్రూం అన్నిటికీ మామూలుగా సరిపోవాలి. అయినా దాటుతోందంటే నీళ్లు ఎక్కడో కారిపోతున్నాయేమో ముందు చూడాలి.

ఇదే అదను చూసుకుని మన సమావేశానికి ఒకతను నాజిల్ పట్టుకొచ్చాడు. నల్లాకు బిగిస్తే నూటికి 90 వంతుల నీళ్లు మిగులుతాయన్నాడు. ఒక్కోటి 900 రూపాయలు, అమ్మిపెట్టిన వాళ్లకు కమీషన్. అంతర్గత అప్పు తీసుకుని కొందామని రెండు సంఘాలు తీర్మానం దాకా వెళ్లాయి. అప్పుడు మనలో ఒక అక్క, "దీంతో బకెట్ నిండాలంటే ఎంతసేపు పడుతది తమ్మీ?" అని అడిగింది. అతని దగ్గర జవాబు లేదు. ఎందుకంటే 20 లీటర్ల బకెట్‌కు ఏ నాజిల్ పెట్టినా 20 లీటర్లే పడతాయి, ఆలస్యంగా పడతాయి, అంతే. చేతులు కడుక్కునే సింకు దగ్గర జాలి ఉన్న నల్లా మూతి పనికొస్తుంది, కాదనం. అది హార్డ్‌వేర్ షాపులో తక్కువకే దొరుకుతుంది. పది మంది సభ్యులున్న సంఘానికి 9 వేలు అంటే ఒక చెల్లె కుట్టుమిషన్ డబ్బు. అందుకే వద్దన్నాం. కొందరికి మా మీద కోపం వచ్చింది, రానీ.

పైపుకు కట్టే అయస్కాంతాలు కూడా అమ్ముతున్నారు. వాటితో వాడకం తగ్గదు. మీటరు దగ్గర పెడితే మాత్రం మీటరును చెడగొట్టారని కేసు మెడకు చుట్టుకుంటుంది.

డబ్బు ఖర్చు లేని పరీక్షలు చెప్తాం. కారే నల్లా కింద గ్లాసు పెట్టండి. పావు లీటరు గ్లాసు పావుగంటలో నిండితే నెలకు 720 లీటర్లు పోతున్నట్టు. చాలాసార్లు చిన్న వాషర్ మారిస్తే ఆగిపోతుంది. ఫ్లష్ ట్యాంకులో పసుపు కలిపిన నీళ్లు పోసి అరగంట ఎవరూ ఫ్లష్ చెయ్యకుండా ఉండండి. కింద తొట్టిలో పసుపు కనిపిస్తే లోపలి రబ్బరు పోయినట్టే. దీనికి చప్పుడుండదు, అందుకే ఎవరికీ తెలియదు. రాత్రి మోటార్ ఆపి, నల్లాలన్నీ కట్టి, మిద్దె మీది ట్యాంకులో నీళ్లు ఎక్కడిదాకా ఉన్నాయో కర్రతో కొలవండి. తెల్లారి తగ్గితే పైపులో లీకు ఉంది. సంపు నిండాక కూడా మీటరు తిరుగుతుంటే బాల్ వాల్వ్ చూపించండి.

కిరాయికి ఉండే వాళ్ల కష్టం వేరు. నాలుగు పోర్షన్లకు ఒకటే మీటరు, ఓనరు తలకింత అని పంచుతారు. మీరు ప్రతి నెలా ఒకటో తారీకున మీటరు ఫొటో తీసి పెట్టుకోండి, బిల్లు కాగితం చూపించమని అడగండి. పోర్షన్ల వాళ్లంతా కలిసి అడిగితే ఎవరి మీదా కోపం పడదు. మీటరు ఆగిపోతే జలమండలి 155313కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు రాసుకోండి.

ఇకమీదట సంఘ సమావేశాల్లో ఏ వస్తువు అమ్మాలన్నా ముందు ఈసీలో చూపించాలని, వారం రోజులు ఒక ఇంట్లో వాడి చూశాకే కొనాలని తీర్మానం పెడుతున్నాం. చేతులెత్తండి అక్కా.