నడుము ఆపరేషన్ అయిన తల్లి, చంకనెక్కే బిడ్డ

వీరపునాయునిపల్లె లాంటి పల్లె అయినా ప్రొద్దుటూరు లాంటి పట్టణం అయినా, రెండేళ్ల బిడ్డకు అమ్మ చంకే లోకం. ఆ అమ్మకు డిస్కు ఆపరేషన్ అయితే?

జారిన డిస్కు నరాన్ని నొక్కితే ఆపరేషన్‌తో కాలి నొప్పి తగ్గించవచ్చని 1934లో అమెరికా వైద్యులు మిక్స్‌టర్, బార్ చాటారు. ఇప్పుడు కోత చిన్నదే. లోపల మానడానికి మాత్రం వారాలు పడుతుంది. అన్నాళ్లూ వంగొద్దు, నడుము తిప్పొద్దు, బరువెత్తొద్దు అంటారు డాక్టర్లు. చాలామంది రెండు మూడు కిలోలకే అనుమతిస్తారు. రెండేళ్ల బిడ్డేమో సుమారు 12 కిలోలు!

బిడ్డ ఏడుస్తుంటే ఎత్తుకోకుండా ఉండడం ఏ తల్లికైనా కష్టమే. అమ్మ మంచం మీద కూర్చుంటే బిడ్డే ఎక్కి పక్కన చేరుతుంది. ముద్దలు పెట్టొచ్చు, కథలు చెప్పొచ్చు. నీళ్లు పోయడం, ఎత్తి తిప్పడం నాయన పని. అవ్వకూ నడుము నొప్పి ఉండొచ్చు, భారమంతా ఆమె మీదే వేయకూడదు. ఇంట్లో మూడేళ్లు నిండిన పిల్లలూ ఉంటే వాళ్లకు అంగన్‌వాడీ ఉంది.

లేచేటప్పుడు పక్కకు ఒత్తిగిల్లి, కాళ్లు దించి, చేత్తో ఆనుకుని లేవాలి. రోజూ కొంచెం కొంచెంగా నడవాలి.

మూత్రం ఆగిపోయినా, తొడల మధ్య స్పర్శ తెలియకపోయినా, కాలు బలం తగ్గినా తెల్లారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయాలి.