నల్లరాతి కిందకు తెల్లరాయి ఎలా వచ్చింది?

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ముప్పయ్యేళ్ళ పైచిలుకు జియాలజిస్టుల రిపోర్టులు టైపు చేసిన గుమాస్తాను. ‘గ్రానైట్ ఇంట్రూజన్’ అనే మాట కొన్ని వందలసార్లు కొట్టి ఉంటాను. స్పెల్లింగు తప్పలేదు గాని, అర్థం ఒక్కనాడూ అడగలేదు. మా ఆఫీసులో ఒక పెద్ద జియాలజిస్టు గారు “ఒకసారి ఫీల్డుకు రావయ్యా, చూపిస్తాను” అనేవారు. “నెలాఖరు స్టేట్‌మెంట్లున్నాయండీ” అని తప్పించుకునేవాణ్ణి.

రిటైరయ్యాక 2010లో మా ఆవిడతో గంగోత్రి యాత్రకు వెళ్ళి, గోముఖం దాకా నడిచాను. ఎదురుగా భాగీరథి శిఖరాలు. వాటిలో మూడవదానికి కింద తెల్లటి గ్రానైటు, పైన టోపీ పెట్టినట్లు నల్లని పొరల రాయి. ఈ తెల్లరాయి ఆ నల్లరాతి కిందకు ఎలా వచ్చిందని అడుగుదామంటే, ఆ జియాలజిస్టు గారు అప్పటికే కాలం చేశారు. తర్వాత పుస్తకాలు చదివి తెలుసుకున్నది మీకు మనవి చేస్తాను.

సుమారు 5 కోట్ల సంవత్సరాల క్రితం భారత భూభాగం ఆసియాను ఢీకొన్నది. ఆ ఒత్తిడికి భూమి పైపొర ఒకదానిపై ఒకటి ఎక్కి, మందం దాదాపు రెట్టింపయింది. ఒకప్పుడు సముద్రం అడుగున పేరుకున్న బురద రాయిగా మారి, ఎన్నో కిలోమీటర్ల లోతుకు పోయింది. రాళ్ళలో స్వల్పంగా ఉండే యురేనియం, థోరియం నెమ్మదిగా వేడి పుట్టిస్తాయి. పైకప్పు మందమైతే, దుప్పటి కప్పినట్లు, ఆ వేడి త్వరగా బయటికి పోదు. అది 700 డిగ్రీల సెంటీగ్రేడు దాటాక రాతిలోని అభ్రకం, అదే మన కాకిబంగారం, విచ్ఛిన్నమై తనలోని నీటిని విడుస్తుంది. ఆ నీటి సాయంతో రాయిలో కొంత భాగం కరుగుతుంది.

కరిగినది చుట్టూ ఉన్న రాతికంటె తేలిక గనుక పైకి వస్తుంది. అయితే ఇక్కడ అది అగ్నిపర్వతంలాగా బద్దలుకొట్టుకొని రాలేదు. పగుళ్ళ వెంట ఎక్కి, రాతి పొరల మధ్య పలకలుగా పరచుకొని, పైకప్పును ఎత్తుకుంటూ చోటు చేసుకున్నది. ఫైళ్ళ కట్టలో ఒక్కొక్క కాగితమే దూర్చుతూ పోతే కట్ట లావై పైవి లేస్తాయి చూడండి, అలాగన్నమాట. అక్కడే, భూమి లోపలే, చల్లారి గట్టిపడింది. ఇది జరిగి సుమారు 2 కోట్ల 20 లక్షల ఏళ్ళయింది. తరువాత పర్వతం లేచి, మంచూ నదులూ పైరాతిని అరగదీయబట్టి నేడు మన కంటికి కనబడుతున్నది.

ఇంతకీ గ్రానైటు చూడడానికి నేను హిమాలయాల దాకా పోనక్కరలేదు. మన గోల్కొండ బండలు కూడా ఒకప్పుడు భూగర్భంలో చల్లారినవే. వాటి వయస్సు సుమారు 250 కోట్ల ఏళ్ళు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ అటువంటి బండల పక్కనుంచే ఆఫీసుకు సైకిలు తొక్కాను.

మిత్రులారా, మన ఇళ్ళలోనూ మన సంఘంలోనూ ఏదో ఒక విద్య తెలిసినవారు ఉన్నారు. అడగవలసినది వారు ఉండగానే అడగండి. నెలాఖరు స్టేట్‌మెంట్లు ప్రతి నెలా వస్తూనే ఉంటాయి.

సెలవు.