వకీలు మన గొంతు, కేసు మన బతుకు
(దళితవాడ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కేసు పెట్టిన రోజు వాడంతా కదులుద్ది. మూడో వాయిదాకి దెబ్బలు తిన్నవాడొక్కడే బస్సెక్కుతాడు. మనం ఓడిపోయేది అక్కడే. అందుకే ఈరోజు వకీలుతో పని ఎట్టా చేయించుకోవాలో మాట్లాడుకుందాం.

అట్రాసిటీ కేసులో ప్రభుత్వం తరఫున పి.పి. వాదిస్తాడు. ఆయనకు మనం పైసా ఇవ్వక్కర్లేదు. మరి మనకు వేరే వకీలెందుకు? పి.పి. చేతిలో కేసులు కట్టలు కట్టలుగా ఉంటాయి. మన కాయితాలు చదివి, అవతలివాళ్ల బెయిలుకు అభ్యంతరం రాసి, పి.పి. వెంటబడే మనిషి కావాలి. 2016 జనవరి 26 నుంచి అమల్లోకొచ్చిన 15ఎ సెక్షను ప్రకారం బెయిలుతో సహా కోర్టులో జరిగే ప్రతిదీ బాధితులకు ముందే తెలియజేయాలి, వాళ్ల మాట వినాలి. అడిగేవాడు లేకపోతే ఆ హక్కు పుస్తకంలోనే ఉంటది.

డబ్బుల్లేవంటారా? 1987 నాటి న్యాయ సేవల చట్టం 12వ సెక్షను కింద ఎస్.సి., ఎస్.టి.లకు, ఏ కులం ఆడవాళ్లకైనా, ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా వకీలును ఇవ్వాలి. జిల్లా కోర్టు ఆవరణలోనే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంటది. అర్జీకి కుల ధ్రువపత్రం నకలు జతచెయ్యండి. చదువు రానివాళ్లు నోటితో చెబితే అక్కడివాళ్లే రాసుకుని వేలిముద్ర తీసుకోవాలి. 15100కి ఫోను చేసినా చెబుతారు. ఆ వకీలు మనల్ని ఫీజు అడగకూడదు. అడిగితే ఆ సంస్థ సెక్రటరీకి రాసివ్వండి.

మనమే వకీలును పెట్టుకుంటే గుమస్తాకి చెప్పి తిరిగి రావద్దు. లోపలికెళ్లి, కుర్చీలో కూర్చుని అడగండి: 'సార్, ఈ చట్టం కింద కేసులు నడిపారా? అవతలివాళ్ల కేసులేమన్నా చూస్తున్నారా? ఫీజు ఎంత, ఎప్పుడెప్పుడు? వాయిదాకి మీరొస్తారా, జూనియర్ని పంపుతారా?' అడగడం అవమానించడం కాదు.

మనం చెయ్యాల్సిందీ ఉంది. జరిగింది తేదీల వరసలో ఒక కాయితం మీద రాసివ్వండి. 'కులం పేరుతో తిట్టారు' అంటే చాలదు. ఏ మాట అన్నారు, ఎక్కడ, నలుగురూ చూసేచోటేనా, ఎవరు విన్నారు, అన్నీ రాయాలి. లేనివాణ్ణి ఉన్నట్టు ఇరికిస్తే ఉన్నవాడు తప్పించుకుంటాడు. మనకు చెరుపు చేసే సంగతైనా వకీలు దగ్గర దాచొద్దు. ఎఫ్.ఐ.ఆర్., గాయాల సర్టిఫికెట్ జిరాక్సులు మన దగ్గరా ఉండాలి. ఖాళీ కాయితం మీద సంతకంగానీ, వేలిముద్రగానీ వద్దు. ఒక నోటుపుస్తకంలో కేసు నంబరు, ప్రతి వాయిదాలో ఏం జరిగిందీ, మళ్లీ ఎప్పుడూ రాసుకోండి. రాయలేనివాళ్లకు రాసిపెట్టడం వాడలో మొదట చదువుకున్న మాబోటి పంతుళ్ల పని. అది సాయం కాదు, బాకీ తీర్చుకోవడం.

వకీలు పని చెయ్యకపోతే మార్చుకునే హక్కు మనది. ఫీజు బాకీ ఉందని కేసు కట్ట ఆపుకోకూడదని 2000లో సుప్రీంకోర్టు చెప్పింది. వకీలే రాజీ మాట తెస్తే ఒక్కళ్లే తలూపొద్దు. వాడ కమిటీ ముందు చెప్పమనండి.

చుండూరు గుర్తుందిగా! 1991 ఆగస్టు 6న నరికారు. కోర్టు చుండూరులోనే పెట్టాలని కొట్లాడి పెట్టించుకున్నారు మనోళ్లు. 2007లో 21 మందికి యావజ్జీవ శిక్ష పడింది. 2014లో హైకోర్టు కొట్టేస్తే సుప్రీంకోర్టుకెళ్లారు. పదహారేళ్ల తర్వాతైనా ఆ తీర్పు వచ్చిందంటే సాక్షులు కలిసి నిలబడబట్టే. బాధితులు కోరితే పేరున్న సీనియర్ వకీలును కలెక్టరు నియమించొచ్చని అట్రాసిటీ చట్టం రూల్సులోనే, 4వ రూల్లో ఉంది. మనం కోరాలి, రాసి కోరాలి.

వకీలు కోర్టులో మన గొంతు. ఆ గొంతుకు మాట మనమివ్వాలి, దాని వెనక మనుషులుండాలి. ఇకనుంచి ఏ వాయిదాకీ ఒక్కణ్ణి పంపొద్దు. నలుగురు ఎక్కండి బస్సు!

జై భీమ్!